వయోశ్రేష్ఠ సమ్మాన్: తరచుగా అడిగే ప్రశ్నలు, మొహమాటం లేని జవాబులు

పెద్దవాళ్ళ కోసం పని చేసేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ అవార్డు ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమంది కూడా అది ఏదో పెన్షన్ పథకం అనుకుంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టాం, మీకు కావలసింది వెతుక్కుని చదువుకోండి. వరుసగా చదవాల్సిన పనేం లేదు.

అసలు ఏమిటీ అవార్డు?

వయోశ్రేష్ఠ సమ్మాన్. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ ఇస్తుంది. 2005లో మొదలైంది, 2013లో జాతీయ అవార్డు స్థాయికి పెంచారు. ఆ ఏడాది అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఇచ్చారు. వయసు పైబడినవాళ్ళకి, అందులోనూ దిక్కులేనివాళ్ళకి, నిజంగా మేలు చేసిన సంస్థలకి ఒక వైపు, వయసును లెక్కచేయకుండా ఏదో సాధించిన పెద్దవాళ్ళకి మరో వైపు ఇస్తారు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. సేవ చేసే సంస్థ పేరు తీసుకెళ్ళి కళల విభాగంలో పెడితే అది అక్కడే ఆగిపోతుంది.

ఈ అవార్డులు అక్టోబర్ 1నే ఎందుకు ఇస్తారు?

అది అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం కాబట్టి. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 1990 డిసెంబర్ 14న తీర్మానం చేసింది, 1991 నుంచి జరుపుతున్నారు. గాంధీ జయంతికి ముందు రోజు కావడంతో మన దగ్గర పేపర్లలో దీనికి దొరికే చోటు తక్కువే.

జూన్ 15న ఇంకో రోజు ఉంది, వృద్ధుల మీద వేధింపుల గురించి అవగాహన కల్పించే రోజు. ఈ అవార్డుకి దానితో సంబంధం లేదు.

వయోశ్రీ, వయవందన, వయోశ్రేష్ఠ... ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఈ పేర్లు పెట్టినవాళ్ళని ఒకసారి పెన్షన్ క్యూలో నిలబెట్టాలి, ఎంత గందరగోళమో తెలుస్తుంది.

రాష్ట్రీయ వయోశ్రీ యోజన అంటే పేద పెద్దవాళ్ళకి చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, చక్రాల కుర్చీ లాంటివి ఉచితంగా ఇచ్చే పథకం. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. ప్రధానమంత్రి వయవందన యోజన ఎల్‌ఐసీ నడిపిన పెన్షన్ పాలసీ, అందులో కొత్తగా చేరే గడువు 2023 మార్చి 31తో అయిపోయింది, ఇప్పుడు ఎవరైనా ఏజెంటు దాని పేరు చెప్పి డబ్బు కట్టమంటే కట్టకండి. ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబర్‌లో వచ్చింది, 70 ఏళ్ళు దాటిన ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి వైద్యం. ఇక వయోశ్రేష్ఠ మాత్రం అవార్డు. దీనికి రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని వెళ్ళినవాళ్ళున్నారు, వాళ్ళ తప్పేం లేదు.

ఏయే విభాగాల్లో ఇస్తారు?

మొత్తం 13. సంస్థల వైపు చూస్తే: వృద్ధాప్యం మీద పరిశోధన చేసే సంస్థ, పెద్దవాళ్ళకి సేవలందిస్తూ అవగాహన కల్పించే సంస్థ, జిల్లా పంచాయతీ, నగర పాలక సంస్థ లేదా మున్సిపాలిటీ, రాష్ట్ర ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ, ప్రభుత్వ రంగ సంస్థ. వ్యక్తుల వైపు: శతాధిక వయస్కులు, ఆదర్శ మాతృమూర్తి, జీవన సాఫల్యం, సృజనాత్మక కళలు, క్రీడలూ సాహసం, ధైర్యసాహసాలు.

మన ఊళ్ళలో ఎక్కువమందికి పనికొచ్చేది రెండో విభాగం, అంటే సేవలందించే సంస్థ. స్వచ్ఛంద సంస్థలు పోటీ పడేది ఇక్కడే. కానీ నన్నడిగితే అసలు కళ్ళు పెట్టాల్సింది పంచాయతీ, మున్సిపాలిటీ విభాగాల మీద. ఎందుకో కింద చెబుతాను.

డబ్బెంత వస్తుంది?

వ్యక్తుల విభాగాల్లో ప్రశంసాపత్రం, జ్ఞాపికతో పాటు 2.5 లక్షల రూపాయలు. సంస్థలకు విభాగాన్ని బట్టి మారుతుంది, జిల్లా పంచాయతీకీ పట్టణ స్థానిక సంస్థకీ 10 లక్షలు. రాష్ట్రానికీ కంపెనీలకీ నగదు లేదు, పత్రం, జ్ఞాపిక మాత్రమే. అది సబబే, ఒక రాష్ట్ర ప్రభుత్వానికి చెక్కిచ్చి ఎవరిని సంతోషపెడతాం.

ఆదర్శ మాతృమూర్తి విభాగానికి ఎవర్ని పంపాలి? పిల్లలు కలెక్టర్లు, డాక్టర్లు అయితేనే ఇస్తారా?

కష్టాలకు ఎదురీది పిల్లల్ని పెంచి, వాళ్ళను సమాజానికి పనికొచ్చేలా తీర్చిదిద్దిన తల్లికి ఇది. వాస్తవంగా చూస్తే పిల్లల హోదా కనబడకపోతే కమిటీకి చూపించడానికి ఏముంటుంది అనే ఇబ్బంది ఉంది. నాకు ఈ విభాగం మీద కాస్త పేచీ ఉంది. అమ్మ గొప్పతనాన్ని కొడుకు ఉద్యోగంతో కొలవడం ఏమిటి? మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ళ తరబడి సేవ చేస్తూ, తానూ అరవై దాటిపోయిన ఆడమనిషికి ఏ విభాగమూ లేదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ బాగోగులు చూసేది ఎవరో అందరికీ తెలిసిందే కదా. ఆవిడను దృష్టిలో పెట్టుకుని ఒక విభాగం వస్తే బాగుండు.

అప్పటిదాకా, పంపాలనుకుంటే పంపండి. పిల్లల డిగ్రీల జాబితా కాకుండా ఆవిడ ఏ పరిస్థితిలో ఏం చేసిందో రాయండి.

మా ఊళ్ళో ఒక మాస్టారున్నారు. రిటైరయ్యాక పెద్దవాళ్ళ పనులన్నీ ఆయనే చేసిపెడతారు. అవార్డు సంగతి చెబితే "నాకెందుకు బాబూ ఇవన్నీ" అంటారు. ఏం చేయాలి?

ఇదే అసలు సమస్య, ఈ పేజీ రాయడానికి కారణం కూడా ఇదే. పని చేసేవాళ్ళు దరఖాస్తు పెట్టరు. దరఖాస్తులు బ్రహ్మాండంగా పెట్టేవాళ్ళలో అందరూ పని చేయరు. మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, ఆ ఒకరు మీరే కావాలి.

మాస్టారిని ఒప్పించడానికి "మీకు సన్మానం" అనకండి. ఆ మాటకి ఇంకా వెనక్కి పోతారు. "మీరు చేసే పని ఇంకో నాలుగు ఊళ్ళవాళ్ళకి తెలిస్తే వాళ్ళూ చేస్తారు" అనండి. అది అబద్ధం కూడా కాదు. అయినా వద్దంటే వదిలేయండి, ఇష్టం లేని మనిషిని స్టేజీ ఎక్కించడం కూడా ఒక రకం హింసే. అలాంటప్పుడు ఆయన పేరుతో కాకుండా ఆ పనిలో ఉన్న సంఘం పేరుతో వెళ్ళొచ్చేమో చూడండి, చాలా చోట్ల ఆయన వెనక వయోవృద్ధుల సంఘమో, పెన్షనర్ల సంఘమో, గుడి కమిటీయో ఉంటుంది.

నామినేషన్ ఎలా వేయాలి?

మంత్రిత్వ శాఖ ప్రకటన ఇస్తుంది. పద్మ అవార్డులకు వాడే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ ఒకటుంది కదా, అందులో తెరిచి ఉన్న అవార్డుల జాబితాలో కనిపిస్తుంది. కేంద్ర శాఖలు, రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా పేర్లు వెళ్ళడం మొదటి నుంచీ ఉన్న దారి. కాబట్టి జిల్లా స్థాయిలో వయోవృద్ధుల సంక్షేమం చూసే ఆఫీసులో ముందే తెలియజేయడం మంచిది. ఈ శాఖ రెండు రాష్ట్రాల్లోనూ దివ్యాంగుల సంక్షేమంతో కలిసే ఉంటుంది, కలెక్టరేట్‌లో అడిగితే గది చూపిస్తారు.

ఆ ఏడాది ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఎవరు పేరు పంపవచ్చు, వయసు ఎంత ఉండాలి, ఏ కాగితాలు జత చేయాలి, చివరి తేదీ ఎప్పుడు, అన్నీ అందులోనే ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగే పాత ప్రకటన చూసి లెక్కలు వేసుకుని గడువు దాటించుకున్నవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. వచ్చిన పేర్లను మొదట ఒక కమిటీ వడపోస్తుంది, మిగిలినవి జాతీయ ఎంపిక కమిటీ ముందుకు వెళ్తాయి.

నామినేషన్‌లో ఏం రాయాలి? మాకు అంత బాగా రాయడం రాదు.

బాగా రాయకపోవడమే నయం. "నిస్వార్థ సేవామూర్తి, పేదల పాలిటి పెన్నిధి, వృద్ధుల ఆశాజ్యోతి" అని మొదలయ్యే కాగితం కమిటీ వాళ్ళు రోజూ చూస్తారు. అలాంటి కాగితంలో రెండు పేజీలు చదివినా ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో తెలియదు. శాలువాల ఫోటోలు కూడా అంతే. శాలువా కప్పిన ఎమ్మెల్యే ఎవరో తెలుస్తుంది తప్ప కప్పించుకున్నాయన ఎందుకు కప్పించుకున్నాడో తెలియదు.

రాయాల్సింది ఇలా: ఏ ఊళ్ళు, ఎప్పటి నుంచి, ఎంతమంది పెద్దవాళ్ళు, వాళ్ళకి ముందు ఏ ఇబ్బంది ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది. ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది. ఆ సంస్థ పెద్దాయన రేపు లేకపోతే పని ఆగిపోతుందా, నడుస్తుందా. ఈ చివరి ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాసినవాళ్ళు చాలా తక్కువ.

ఉదాహరణకి "వైద్య శిబిరాలు నిర్వహించారు" అనే వాక్యం ఉందనుకోండి. ఏ శిబిరం? బీపీ చూసి పంపేశారా, లేక శుక్లాలు ఉన్నవాళ్ళని గుర్తించి ఆపరేషన్ దాకా తీసుకెళ్ళి, కట్టు విప్పే రోజున మళ్ళీ తీసుకెళ్ళారా? రెండూ శిబిరాలే, కానీ ఒకదాని తర్వాత పెద్దావిడ సూదిలో దారం ఎక్కించుకోగలిగింది, ఇంకోదాని తర్వాత బ్యానరు మడిచి లోపల పెట్టారు. ఆ తేడా కాగితం మీద కనబడాలి.

సాక్ష్యాలు ముందు నుంచే దాచుకోండి. హాజరు పుస్తకం, మందులు ఇచ్చిన రిజిస్టరు, ఆడిట్ చేసిన లెక్కలు, పీహెచ్‌సీ డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, తేదీ ఉన్న ఫోటోలు. పెద్దవాళ్ళ మాటలు రాసేటప్పుడు వాళ్ళని అడిగి రాయండి, వాళ్ళ జబ్బుల పేర్లూ ఇంటి గొడవలూ పేర్లతో సహా పెట్టకండి. సేవ పొందినందుకు వాళ్ళ పరువు మన ఫైల్లోకి రావాల్సిన అవసరం లేదు.

ఇంగ్లీషు రాకపోతే టెన్షన్ పడకండి. తెలుగులో పూర్తిగా రాసుకోండి, తర్వాత డిగ్రీ చదివే మనవరాలు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఎలాంటి పని లెక్కలోకి వస్తుంది? మేం చేసేది చిన్న పని.

పెద్ద భవనం, పెద్ద బోర్డు ఉంటేనే సేవ అనుకుంటాం. ఊళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే వాళ్ళ ఇబ్బందులు వేరే చెబుతారు.

పెన్షన్ సంగతే చూడండి. ఏళ్ళ తరబడి పొలం పని చేసినవాళ్ళకి వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి, మిషన్ మీద వేలిముద్ర పడదు. వేలు పడలేదని వెనక్కి పంపితే ఆ ముసలాయన మళ్ళీ మండలానికి తిరగాలి. అలాంటివాళ్ళకి కనుపాపతోనో ముఖంతోనో గుర్తింపు చేయించడం, నవంబరులో పెన్షనర్లకి జీవన ప్రమాణ పత్రం ఇంటి దగ్గరే ఫోనులో చేసిపెట్టడం, ఇదంతా సేవే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 రూపాయలైంది. నెలకి ఆ డబ్బు మీదే బతికేవాళ్ళకి ఒక్క నెల ఆగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇందులో కేంద్రం వాటా ఎంతనుకుంటున్నారు? ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పెన్షన్ కింద 60 నుంచి 79 ఏళ్ళవాళ్ళకి నెలకి 200, 80 దాటితే 500. ఏళ్ళుగా అంతే. అవార్డు ఇచ్చే చేతులే ఈ 200 కూడా ఇస్తున్నాయని అప్పుడప్పుడు గుర్తు చేయడం తప్పు కాదు.

తర్వాత సైబర్ మోసాలు. "డిజిటల్ అరెస్ట్" అని పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి రిటైరైనవాళ్ళ డబ్బంతా ఊడ్చేస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. కాలనీలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎలా ఫోన్ చేయాలో నేర్పే కుర్రాళ్ళున్నారు. వాళ్ళు చేస్తున్నది అవగాహన కల్పించడమే. సేవలందించే సంస్థల విభాగం పేరులోనే అవగాహన అని ఉంది.

ఒంటరితనం ఇంకొకటి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు మూడు బెడ్‌రూముల ఫ్లాటులో. డబ్బుకి లోటుండదు, రాత్రి పూట గుండె పట్టేస్తే తలుపు తీసేవాళ్ళుండరు. పక్క ఫ్లాటుల వాళ్ళు రోజూ ఒక ఫోను కొట్టే ఏర్పాటు చేసుకున్నా అది నడుస్తోందని చూపించగలిగితే రాయదగ్గ పనే.

పనికిరానిది మాత్రం ఒకటుంది. నాయకుడి పుట్టినరోజుకి వృద్ధాశ్రమానికి వెళ్ళి అరటిపళ్ళు, రొట్టెలు పంచి ఫోటో దిగి రావడం. కొన్ని ఆశ్రమాల్లో ఒకే రోజు రెండు మూడు పార్టీల వాళ్ళు వస్తే షుగరున్న పెద్దవాళ్ళ చేతుల్లో డజను అరటిపళ్ళుంటాయి.

రికమెండేషన్ లేకుండా వస్తుందా? ఒకాయన ఫోన్ చేసి "మీకు జాతీయ అవార్డు ఇప్పిస్తాం, ఇంత కట్టండి" అన్నాడు.

ఈ అవార్డుకి రుసుము లేదు. డబ్బు అడిగారంటే అది ఇది కాదు, అంతే. "జాతీయ", "రత్న", "శ్రేష్ఠ" అని పేర్లు పెట్టి ఏదో హోటల్లో ఫంక్షన్ చేసి, మెమెంటోకి ఇంత, భోజనానికి ఇంత, స్టేజీ మీద ముందు వరుసకి ఇంత అని వసూలు చేసే వ్యాపారం ఒకటి దేశమంతా నడుస్తోంది. ప్రభుత్వ అవార్డు ప్రకటన మంత్రిత్వ శాఖ నుంచి వస్తుంది. అనుమానం ఉంటే కలెక్టరేట్‌లో అడగండి.

రికమెండేషన్ సంగతి: పైన ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో నేను చెప్పలేను, కానీ ఖాళీ ఫైలును ఏ రికమెండేషనూ నింపలేదు.

తెలుగు రాష్ట్రాలకి దీనితో ఏమైనా ప్రత్యేక సంబంధం ఉందా?

2021 అక్టోబర్ 1న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఈ అవార్డులు ఇచ్చింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు. అదే వేదిక మీద ఎల్డర్‌లైన్ 14567ని జాతికి అంకితం చేశారు. ఆ హెల్ప్‌లైన్ పుట్టిల్లు హైదరాబాద్. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి తెలంగాణ ప్రభుత్వ సహకారంతో 2017లో మొదలుపెట్టిన పని తర్వాత దేశమంతా పాకింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనే. పెన్షన్ సందేహాలు, చట్టం సంగతులు, వదిలేసిన పెద్దవాళ్ళని రక్షించడం, ఏమీ లేకపోతే ఊరికే మాట్లాడటం కూడా.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో ఆ నంబరు పేరు పెట్టి దాచిపెట్టండి. అవార్డు వచ్చినా రాకపోయినా దీనివల్ల ఉపయోగం ఉంటుంది.

మా మున్సిపాలిటీకో జిల్లా పరిషత్తుకో రావాలంటే ఏం చేయాలి?

పైన చెబుతానన్నది ఇక్కడే. స్వచ్ఛంద సంస్థ ఎంత మంచిదైనా వంద మందికో రెండు వందల మందికో చేయగలదు. పురపాలక సంఘం తలచుకుంటే ఊళ్ళో ఉన్న ప్రతి పెద్ద మనిషికీ పని జరుగుతుంది. ఫుట్‌పాత్ మీద ఎత్తు తగ్గించడం, పార్కులో వెన్ను ఆనించుకునే బల్లలు వేయడం, బజారులో ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డి, పన్ను కట్టే కౌంటరు దగ్గర కుర్చీ. ఇవేవీ కోట్ల పనులు కావు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఇంట్లోంచి బయటికి వస్తాడా రాడా అనేది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

మీ కౌన్సిలర్‌ని అడగండి, ఇలా ఒక అవార్డుందనీ 10 లక్షలున్నాయనీ చెప్పండి. చాలామందికి తెలియదు కాబట్టి ఆసక్తిగానే వింటారు.

రాష్ట్రాల విభాగంలో 2021లో కేరళకి వచ్చింది. కేరళలో 2011 జనాభా లెక్కలనాటికే 60 దాటినవాళ్ళు 12.6 శాతం, దేశం మొత్తం మీద అప్పుడు 8.6 శాతం. ముందుగా వయసు మీరిన రాష్ట్రం కాబట్టి ముందుగా నేర్చుకుంది. మంచాన పడ్డవాళ్ళకి ఇంటికే వచ్చి ఉపశమన వైద్యం చేసే ఏర్పాటు అక్కడ పంచాయతీల చేతుల్లో ఉంది. 2025లో వృద్ధుల కోసం ప్రత్యేక కమిషన్ చట్టం కూడా చేసుకున్నారు. దేశంలో 2036 నాటికి ప్రతి ఏడుగురిలో ఒకరు 60 దాటినవాళ్ళే ఉంటారని ప్రభుత్వ అంచనా. కేరళ నేర్చుకున్నది మన పంచాయతీలు ఎప్పుడు మొదలుపెడతాయి అన్నదే ప్రశ్న.

మా అత్తయ్యని కొడుకులు చూడటం లేదు, ఆస్తి రాయించుకున్నారు. ఈ అవార్డు ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చా?

అక్కడ కాదు. కానీ ఈ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువసార్లు వస్తుంది, అందుకే వివరంగా చెబుతున్నాను. ఉత్తమ రాష్ట్రం అవార్డు ఇచ్చేది కూడా కింద చెప్పే చట్టాన్ని ఎంత బాగా అమలు చేశారో చూసే.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అత్తయ్య స్వయంగా తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వొచ్చు, చేతకాకపోతే ఆవిడ తరఫున వేరే వ్యక్తి లేదా సంస్థ ఇవ్వొచ్చు. లాయర్ అక్కర్లేదు, లాయర్లని పెట్టుకోవడానికి ఈ చట్టం ఒప్పుకోదు కూడా. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని ఉంది. నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. కొడుకులే కాదు, కూతుళ్ళు, మేజర్లైన మనవలు, మనవరాళ్ళు కూడా బాధ్యులే. పిల్లలు లేనివాళ్ళయితే, వాళ్ళ ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువులు చూసుకోవాలి. పెద్దవాళ్ళని ఎక్కడో వదిలేసి పోతే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక ఆస్తి. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ రాత చెల్లదని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. ఇక్కడ చాలామంది దెబ్బతినేది షరతు దగ్గర. "కొడుకే కదా, మళ్ళీ కాగితం మీద ఎందుకు" అని మొహమాటపడి రాయించరు. ఆ షరతు ఉండి తీరాలని 2022లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో మాత్రం, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని చెప్పి గిఫ్ట్ డీడ్ రద్దు చేసింది. అక్కడ కూడా చూసుకుంటామని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి ఇంకా రాయనివాళ్ళకి ఒకటే మాట: రాస్తే షరతు రాయించండి, లేదా మీ తర్వాత చెందేలా వీలునామా రాయండి.

ఒక చిక్కుంది. ఆర్డీవోలకి భూసేకరణ, ఎన్నికలు, ప్రోటోకాల్ మధ్య ఈ కేసులు వెనక్కి పోతుంటాయి. వాయిదాలు పడుతుంటే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో మళ్ళీ ఇవ్వండి, 14567కి కూడా చెప్పండి.

వృద్ధాశ్రమం నడిపేవాళ్ళకి అవార్డులిస్తే, పిల్లలు తల్లిదండ్రుల్ని అక్కడ వదిలేయడాన్ని ప్రోత్సహించినట్టు కాదా?

కాదు. పిల్లలే లేనివాళ్ళు, పిల్లలు చనిపోయినవాళ్ళు, భర్త పోయాక ఎవరి పంచనా ఉండటం ఇష్టం లేని ఆడవాళ్ళు, వీళ్ళంతా ఎక్కడికి పోవాలి? ఇంట్లో ఉంటూ రోజూ మాటలు పడే పెద్దవాళ్ళు కొందరు ఆశ్రమానికి వచ్చాక కంటినిండా నిద్రపోయామని చెబుతారు. జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి సరిపడేలా ప్రభుత్వమే పెట్టొచ్చని 2007 చట్టంలో ఉంది. పెట్టాలి అని కాదు, పెట్టొచ్చు అని. ఆ ఒక్క వెసులుబాటుతో ఎన్ని జిల్లాలు తప్పించుకున్నాయో మీ జిల్లాలో వెతికి చూస్తే తెలుస్తుంది.

ఆశ్రమాన్ని నామినేట్ చేసేముందు మాత్రం ఒకసారి చెప్పకుండా వెళ్ళండి. మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళి, మరుగుదొడ్డి చూసి, రాత్రి పూట ఎవరుంటారో అడిగి రండి.

మేం విదేశాల్లో ఉన్నాం. మా వల్ల ఏమైనా అవుతుందా?

అవుతుంది. డబ్బు పంపడం మీకు తెలిసిందే, అది కాకుండా కాగితం పని చేసిపెట్టండి. ఊళ్ళో పని చేసేవాళ్ళకి లేనిది తీరిక, ఇంగ్లీషు, స్కానరు. వారాంతంలో వీడియో కాల్‌లో కూర్చుని ఆ మాస్టారిని అడిగి రాసుకోండి, పాత రిజిస్టర్ల ఫోటోలు తెప్పించి వరుసలో పెట్టండి. పెద్దవాళ్ళ కోసం పని చేసే మన దేశపు సంస్థ హెల్పేజ్ ఇండియాకి 2020లో ఐక్యరాజ్య సమితి జనాభా అవార్డు వచ్చింది, మన స్వచ్ఛంద సంస్థల్లో అది అందుకున్న మొదటిది అదే. 1978 నుంచి చేసిన పనిని చూపించగలిగేలా దాచుకుంటేనే అలాంటివి సాధ్యమవుతాయి. చిన్న సంఘాలకి ఆ దాచుకునే అలవాటు ఉండదు, అక్కడ మీరు పనికొస్తారు.

ఈ ఏడాది రాలేదు. మళ్ళీ పంపాలా?

కొత్త ప్రకటన వచ్చినప్పుడు చూడండి, అర్హత ఉంటే కొత్తగా పంపండి. అదే ఫైలు తేదీ మార్చి పంపకండి, ఈ మధ్యలో జరిగింది చేర్చండి.

అవార్డు వచ్చినవాళ్ళకి రైలు పాసు, ప్రత్యేక పెన్షన్ లాంటివి ఉంటాయా?

లేవు. ప్రకటించిన నగదు, పత్రం, జ్ఞాపిక, అంతే. రైలు అంటారా, అవార్డు సంగతి అలా ఉంచండి, మామూలు పెద్దవాళ్ళకి ఉన్న రాయితీనే తీసేశారు. 60 దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం తగ్గింపు ఉండేది. కోవిడ్ పేరు చెప్పి 2020 మార్చిలో ఆపేశారు, కోవిడ్ పోయింది కానీ రాయితీ తిరిగి రాలేదు. ఏపీఎస్‌ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవాళ్ళకి 25 శాతం తగ్గింపు ఉంది, వయసు చూపించే గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి, లేకపోతే కండక్టరు ఇవ్వడు.